అడుగు కొలత

ఫిబ్రవరి వాన. పశ్చిమ వేల్స్‌లో కొండదారి.
పక్క సీట్లో కౌన్సిల్ ఫారం, ముప్పై ఒక్క పేజీలు.
ఏడాదికోసారి నెస్టా ప్రోబర్ట్ గారి అడుగు ఎంతో
నేను కొలిచి రాయాలి.

ఆ షరతు మీదే ఇల్లు కట్టుకోనిచ్చారు:
తన వంతు భూమిలోనే బతకాలి,
మించిందా, ఆ పచ్చికకప్పు ఇల్లు విప్పేయాలి.

లెక్కల పుస్తకం బల్ల మీద సిద్ధంగా ఉంది.
కిరసనాయిలు, రెండు లీటర్లు.
కొన్న పిండి, కొన్న చక్కెర,
బూట్లకు వేయించిన కొత్త అట్ట.
చెల్లెలి అంత్యక్రియలకు స్వాన్సీ దాకా బస్సు, రానూపోనూ.

"ఇది కూడా రాశారా?"
"ఏడవడానికి వెళ్తే మాత్రం డీజిల్ కాలదా?"

గుణించాను. భాగించాను.
ఉల్లికాడల మడినీ, తేనె సీసాల్నీ,
పొయ్యిలోకి పోయిన విల్లో కట్టెల్నీ
హెక్టార్లలోకి దించాను.
ఇవి కాకిలెక్కలు కావు, రెండుసార్లు సరిచూశాను.
ఆమె వంతులో ఇంకా కాస్త నేల మిగిలింది.
"మిగిలింది ఎవరికి పోతుంది?"
ఫారంలో ఆ గడి లేదు.

టీ పోస్తూ, కిటికీలోంచి నా కారు చూస్తూ
మళ్ళీ అడిగింది:
"నువ్వొచ్చిన నలభై మైళ్ళూ ఎవరి ఖాతా?"

నెల తిరిగాక కార్డిఫ్‌లో సమావేశం.
గోడ మీద దేశం మొత్తం అడుగు, ఎర్రగీతగా.
అందరూ మనలా బతికితే ఒక్క భూమి చాలదని
ఎమ్లిన్ చదువుతున్నాడు, వేడిగాలి గదిలో కోటు విప్పేసి.
కాలు కింద పెట్టనివాళ్ళ అడుగే
అన్నిటికన్నా పెద్దదని నాకప్పుడే తెలిసింది.
"ఇది సూచిక మాత్రమే, ఆదేశం కాదు" అన్నారెవరో.
తర్వాతి అంశం, బైపాస్ రోడ్డు వెడల్పు.
చేతులు లేచాయి. నాదీ సగం దాకా లేచింది.

రాత్రి ఫారం ముందేసుకుని కూర్చున్నాను.
నెస్టా గారికి: అనుమతి కొనసాగించవచ్చు.
నలభై మైళ్ళు, రానూపోనూ ఎనభై:
నా పేరు రాశాను, అంకె గడి దాటి అంచులోకి పోయింది.

వచ్చే ఏడు బస్సులో వెళ్దామని వేళలు వెతికాను.
దొరకలేదు.
ఆ దారిలో బస్సును శరదృతువులో మేమే తీసేశాం,
ఎక్కేవాళ్ళు తక్కువని.
ఎక్కిన ఆ కొద్దిమందిలో ఒకామె
చెల్లెల్ని సాగనంపి వస్తోందని
ఏ పట్టికా చెప్పలేదు.

సిఫార్సులకు చివర మూడు గీతలు ఖాళీ.
అక్కడ ఎవరూ ఏమీ రాయరు.
రాశాను:
గురువారం బస్సు మళ్ళీ నడపాలి.