చెక్క నీళ్లు తాగాలె

భద్రాచలం దాక పోదమని బయలెల్లినం
నేనూ యాకూబూ, పాత చేపల పడవ ఒకటి కొని.
ముప్పైనాలుగేండ్లు బొగ్గుబాయిల టింబర్‌మన్ పని చేసినోనికి
నెత్తి మీద ఆకాశం తప్ప ఏ కప్పూ లేని చోటు
కొన్నాళ్లు కావాలనిపించింది, అంతే.

మూడోనాడు, ముల్లకట్ట వంతెన ఇంక కనబడకముందే,
నీళ్ల కింద దాక్కున్న రాయొకటి
మమ్మల్ని పేరు పెట్టి పిలిచినట్టే తగిలింది.
యాకూబు టిఫిన్ గిన్నెతోని తోడుతుంటె
నేను లుంగీ చింపి పగులుల కుక్కుకుంట
రామన్నగూడెం రేవుకు చేరినం
సగం పడవల, సగం ఏట్ల.

రిపేరు షెడ్డంటే షెడ్డు కాదు.
నాలుగు నల్లమద్ది గుంజలు, పైన వరదకు కొట్టుకొచ్చిన ఫ్లెక్సీ,
దాని మీద మొకం చెరిగిపోయిన ఎవరో దండం పెడుతున్నడు.
బోర్ల పండుకున్న పడవలు మూడు,
వాటి కడుపు కింద నీడకు చేరిన కోడిపిల్లలు,
గుగ్గిలం కాగుతున్న వాసన.

"ఎవరు చేస్తరు?" అన్న.
"నేనే" అన్నది బుచ్చక్క,
నోట్ల నాలుగు మొలలు, చేతిల బాడిశ.
మొలలు తియ్యకుండనే ఇంకో మాట:
"ఎవడమ్మిండు మీకు దీన్ని?"

పడవను తిరగేసి
వేలి కణుపుతోని కొట్టుకుంట పోయింది
ముక్కు కాడికెల్లి ఎనుక దాక.
టక్. టక్. టక్.
డబ్.
అక్కడ సుద్దముక్కతోని ఒక గీత.

నా చెయ్యి ఉత్తగనే లేసింది.
నేను చేసింది గదే గద, కర్రతోని
పైబండను కొట్టుడు, చెవొగ్గి వినుడు.
గట్టిగ మోగితే మనుషుల్ని పంపుడు,
గుల్లగ మోగితే దిమ్మె నిలబెట్టుడు.
ఒక్క దినం, రెండో షిఫ్టు,
మోటరు రొదల సరిగ వినబడక
"మంచిగనే ఉన్నది, పోండ్రి" అన్న.
రాయలింగుకు ఎడమకాలు మోకాలు కింద లేదు.
ఎప్పుడు కలిసినా
"నీ తప్పేమున్నదిరా" అంటడు.
ఆ మాటే నాకు గుల్లగ మోగుతది.

ఇదంత బుచ్చక్కకు చెప్పలే.
ఆమె ఏం చూసిందో, బాడిశ పక్కన పెట్టి
"నువ్వు కొట్టు" అన్నది.
కొట్టిన. చెంప ఆనిచ్చి విన్న.
ఆమె గీత పెట్టని కాడ నాకొకటి దొరికింది.
తను మళ్లొకసారి కొట్టుకొని
ఏమనకుండ సుద్దముక్క నా చేతుల పెట్టింది.

రెండొద్దులన్నది ఐదొద్దులాయె.
జనుము నార పేని సందుల్ల కూరుడు నాకు,
గుగ్గిలంల నూనె పోసి కలియబెట్టుడు యాకూబుకు.
రాత్రి బొమ్మెచేపల పులుసు,
ఏటవతల వాజేడు దిక్కు సన్నటి దీపాలు,
కరకట్ట మీద ఎవరివో బీడీ నిప్పులు.
యాకూబు లెక్కలేస్తడు, మొలలకెంత, డీజిల్‌కెంత,
భద్రాచలం ఇంకెన్ని మైళ్లని.
నేనడుగలేదు.

ఐదోనాడు పడవను నీళ్లలకు దింపి
గుంజకు తాడు కట్టి
బుచ్చక్క దాని అంచు మీద కాలేసి తొక్కింది.
నిండింది. మునిగింది.
"యా అల్లా" అనుకుంట యాకూబు ఉరికిండు.
"ఎండిన చెక్క," అన్నదామె కొంగు పిండుకుంట,
"నారెంత కూరినా సందు సందే.
ఓ రాత్రి నీళ్లు తాగాలె. ఉబ్బి
దానంతటదే మూస్కుంటది."

ఆ రాత్రి ఒడ్డు మీదనే కూసున్న.
అడుగున పడవ, దాని మీద ఇంత మందం నీళ్లు.
ఒంగి, పైపైన వేలితోని కొట్టి చూసిన.
నీళ్లు ఏం చెప్పలే.

పొద్దుగాల తోడి చూస్తే
ఒక్క సందుల ఇంకా చెమ్మ.
"గంత ఊరుతది. ఊరనియ్యి.
పొడిగున్న పడవను నేనైతే నమ్మ."
మొలలకు తీసుకున్నది, గుగ్గిలానికి తీసుకున్నది,
కొట్టి విన్నదానికి పైసల్లేవన్నది.

మంగపేట దిక్కు మళ్లినంక
ఫోన్ల రెండు గీతల సిగ్నల్.
రాయలింగుకు చేసిన.
"ఏడున్నవ్‌రా?"
"పడవల."
కొద్దిసేపు ఇద్దరం ఏం మాట్లాడలే.
యాకూబు ఆ చెమ్మను గిన్నెతోని గీకి
ఏట్లకు పారబోస్తున్నడు.
"ఏందిరా ఆ చప్పుడు?" అన్నడు.