చెక్కుబంది

పరకాల సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముంగట
కరెంటు స్తంభానికి కట్టిన నీలం టార్పాలిన్ కింద
మూడో బల్ల నాది.
బోర్డు మీద పేరుకు ముందు 'డాక్టర్' అని లేదు.
ఒకసారి రాయించిన.
మోకాళ్ల నొప్పులకు మాత్రలడిగిర్రు.
చెరిపించిన.

ఏడేండ్లు శాసనాలు చదివిన.
సున్నం పూసిన రాళ్లను కొబ్బరిపీచుతోని కడిగి,
తడి కాయితం పరిచి, కుంచెతోని కొట్టి, మసి అద్ది,
అరికాలిల ముల్లు తీసినట్టు
ఒక్కో అక్షరం తీసిన.
నాలుగు వందల పన్నెండు పేజీల గ్రంథం:
దానమిచ్చిన పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతది.
తూర్పున జంట చింతలు, దక్షిణాన పాముపుట్ట,
పడమట నల్లబండ, ఉత్తరాన కాలువ.

వైవా నాడు ఒక పెద్దాయన అడిగిండు:
'దీనితోని జనానికేం లాభం తల్లీ?'
అందరు నవ్విర్రు. నేను గుడ నవ్విన.
సమోసాలు చల్లారినయ్.

తర్వాత గంటకింత అని పాఠాలు.
ఎండకాలం గంటలుండవు.
నోటిఫికేషన్ వచ్చింది, కోర్టుకు పోయింది,
ఆడ్నే కూసున్నది, నాకన్న ఓపికతోని.

ఇప్పుడు రాస్తున్న.
'తూర్పు: ఎలిగేటి సాంబయ్య ఇల్లు.
దక్షిణం: ఇరవై ఫీట్ల బాట...'
అదే వాక్యం!
ఏడు వందల ఏండ్లల్ల చెయ్యి మారింది గని
వాక్యం మారలే.
రాతి మీద చెక్కిన సూర్యచంద్రుల జాగల
ఆధార్ కార్డులతోని ఇద్దరు సాక్షులు.

మొన్న రేణికుంట్ల సారవ్వ వచ్చింది.
మొగడు పోయిన చిన్నకోడలికి
ఎనభై గజాలు రాసిస్తదట.
ఒళ్లెనుంచి ఫసలీ నాటి ఉర్దూ కాయితం తీసింది,
మడతల కాడ నాలుగు ముక్కలు.
మొదటి బల్ల చూసి ఇచ్చేసిందట, రెండోది నవ్విందట.
గ్రంథం కోసం నేర్చుకున్న ఉర్దూ
ఇన్నేండ్లకు ఒకరికి చదివి వినిపించిన.
'ఉత్తరం: ఉప్పు బాయి.'
బాయి ఎవ్వలకు ఎరుకలేదు.

పొద్దుగూకినంక స్కూటీ మీద పోయిన.
చెత్తకుప్ప కింద, సర్కారు తుమ్మల నడుమ,
వంపు తిరిగిన రాతివరుస చేతికి తగిలింది.
రాయి ఎప్పుడు అబద్ధమాడుతదో, ఎప్పుడాడదో
వేళ్లకు తెలుసు.

వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడ్సుకుంట
సారవ్వ అడిగింది: 'రేపు ఎవడన్న గుంజుకుంటే?'
పాత రాళ్ల మీదున్న మాట చెప్పిన:
గుంజుకున్నోడు అరవై వేల ఏండ్లు
పెంటల పురుగై పుడుతడు.
ఆమె కొద్దిసేపు లెక్కేసుకున్నది.
'గది గుడ రాయి బిడ్డా.'

కంప్యూటర్ల దానికి గడి లేదు.
ఆమెకిచ్చిన జిరాక్స్ అంచు మీద
పెన్సిల్‌తోని చిన్న సూర్యుణ్ని, పక్కన నెలవంకను గీసిన.
ఆఫీసు కాపీ మీద గియ్యలే.
అంత ధైర్యం పీహెచ్‌డీ ఇయ్యది.

తర్వాతి మనిషి పాన్ కార్డు మర్సిపోయి వచ్చిండు.