యాభై ఆరు బైట్ల ఖాళీ

సూర్యుడు రాని పద్దెనిమిదో రోజు.
సోర్ట్‌లాండ్ రేవులో మంచు అడ్డంగా పడుతోంది.
బెల్టు మీద సాల్మన్ చేపలు
తలలన్నీ ఒకే దిక్కుకి పెట్టుకుని పోతున్నాయి.
పైన కెమెరా. కింద పెట్టెలో ఎనిమిది కోర్లు.
చేప బొమ్మని ఎనిమిది పట్టీలుగా కోసి
తలా ఒకటి ఇచ్చాం.
వెండిచుక్క కనిపిస్తే లెక్కకి ఒకటి కలుపు.
చుక్కల్ని బట్టి బరువు, బరువుని బట్టి ధర.
ఇంతే పని.

ఒకే చేప, ఒకే ఫొటో.
మొదటిసారి నాలుగు కిలోల ఇరవై గ్రాములు.
రెండోసారి మూడు కిలోల తొమ్మిది వందలు.
మూడోసారి మళ్లీ నాలుగు.
మూడోదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఒకటి కలపడం ఒక పని కాదు, మూడు.
ఉన్న అంకె చదవాలి,
చేతిలో కలుపుకోవాలి,
తిరిగి రాయాలి.
ఒకడు నలభై చదివి కలుపుకునేలోపు
పక్కవాడూ నలభైయే చదివాడు.
ఇద్దరూ నలభై ఒకటి రాశారు,
ఇద్దరూ నిజాయితీగానే.
పదిమందిలో పాము చావదట.
ఎనిమిదిమందిలో లెక్క చచ్చింది.

పట్టుకుందామని అడుగడుగునా
తెర మీద ఒక ముక్క రాయించాను.
మాస్టారు గదిలో ఉన్నంతసేపూ
థ్రెడ్లు బుద్ధిగా వరసలో నిలబడ్డాయి.
తీసేశాను. చేప మళ్లీ చిక్కిపోయింది.

సరే, తాళం వేశాను.
లోపల ఒకడు, తలుపు దగ్గర ఏడుగురు.
లెక్క గ్రాముకి గ్రాము సరిపోయింది,
బెల్టు మాత్రం ఈడ్చుకుంటూ నడిచింది.
"ఎనిమిదికి డబ్బు పోసి ఒకటి కొన్నామా?"
అన్నాడు టోర్గేర్. నవ్వలేదు.

కాఫీ గదిలో డంగూలే ఉంది,
క్లైపెడా నుంచి వచ్చి
పదకొండేళ్లుగా చేపల కడుపులు కోస్తోంది.
నా గోడు విని
రొట్టెకి వెన్న రాస్తూనే చెప్పింది:
"మీ మిషన్ రాకముందు బల్లకో పలక.
ఒకరి పలక మీద ఇంకొకరు గీస్తే చెయ్యి విరిచేవాళ్లం.
కాఫీకి ముందు ఒక్కసారి కూడేవాళ్లం."

ఎవరికి వారే యమునా తీరే.
తాళం పీకేసి
ఎనిమిది థ్రెడ్లకి ఎనిమిది అంకెలిచ్చాను.
లెక్క కుదిరింది.
బెల్టు ఇంకా కుంటుతోంది.

ఆ రాత్రి... అక్కడ పగలూ అదే రంగు...
ఎవరూ ఎవరికోసమూ ఆగని చోట
ఈ ఆలస్యం ఎవరిదో వెతుక్కుంటూ కూర్చున్నాను.
నాలుగింటికి కనిపించింది.
ఎనిమిది అంకెలూ మెమరీలో
భుజాలు రాసుకుని ఒకే వరసలో ఉన్నాయి.
ప్రాసెసర్ ఒక్క అంకెని ఎత్తదు,
అరవై నాలుగు బైట్ల వరసనంతా ఎత్తుతుంది.
ఒకడు తన పలక మీద గీత పెడితే
మిగిలిన ఏడు పలకలూ పాతబడిపోతాయి,
ఏడుగురూ మళ్లీ పరుగెత్తి తెచ్చుకోవాలి,
మారనిదాన్ని.

పొద్దున డంగూలేని అడిగాను:
"పలకలు ఎక్కడ తగిలించేవాళ్లు?"
పిచ్చిప్రశ్న విన్నట్టు చూసింది.
"ఎవరి బల్ల దగ్గర వారిది.
అన్నీ ఒకే మేకుకి తగిలిస్తారా ఎవరైనా?"

ఒక్కో అంకె పక్కనా
యాభై ఆరు బైట్ల ఖాళీ పెట్టాను.
అందులో ఏమీ లేదు, ఎప్పటికీ ఉండదు.
బెల్టు ఊపిరి పీల్చుకుంది.

టోర్గేర్ కోడ్ చదువుతూ ఆగాడు.
"ఇదెందుకు? ఏ పనీ చెయ్యట్లేదుగా."
పైన వ్యాఖ్య ఒక్క మాట రాశాను:
తీయొద్దు.

వచ్చే నెల పదహారు కోర్ల పెట్టె వస్తోందట.
అప్పుడేం పుడుతుందో చూడాలి.
ఈలోపు ఒక్కటే నన్ను తినేస్తోంది:
ఆ వారమంతా తక్కువ తూగిన చేపలు
తక్కువ ధరకే లారీలెక్కి వెళ్లిపోయాయి.
లెక్కకి రాని ఆ నూట ఇరవై గ్రాములు
ఎవరో ఎక్కడో వెన్నలో వేయించుకుని
తినే ఉంటారు.
రుచిలో తేడా ఏమీ ఉండి ఉండదు.