రెండు వందల లెక్క

ఉత్తరం శుక్రవారం వచ్చింది.
టార్మోద్ ఎప్పట్లా తలుపు సందులోంచి తోయలేదు,
చేతికే ఇచ్చాడు.
కవరు మీది ఆసుపత్రి ముద్ర చూడనట్టే నిలబడి
గాలి గురించి మాట్లాడాడు.
మా దీవిలో గాలి గురించి మాట్లాడటమంటే
ఇంకేదో మాట్లాడకపోవటం.

మూడేళ్లకోసారి ఓడెక్కి వస్తుంది ఆ తెల్ల వ్యాను.
నార్త్ యూయిస్ట్‌లో, హాలు వెనక కంకర నేల మీద ఆగి
యాభై దాటిన ఆడవాళ్లని పేరుపేరునా పిలుస్తుంది,
రొమ్ము ఫొటో తీయించుకోమని.
నాకు మంగళవారం, పదకొండు నలభై.
రమ్మని రాశారు.
రావాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు అనీ రాశారు,
దాచినట్టు కాదు, పెద్ద అక్షరాల్లోనే.
ఇన్నాళ్లూ చదవనిది నేనే.
యాభై మూడులో వెళ్లాను, యాభై ఆరులో వెళ్లాను,
కంచంలో పెట్టింది తిన్నట్టు.

ఈసారి కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను.
రెండు వందల మంది వెళితే
ఒకరి ప్రాణం నిలబడుతుందట.
ఇంకో ముగ్గురికి
ఎన్నటికీ కాటేయని పాముని చంపటానికి
కత్తీ, మందులూ, కిరణాలూ.

రెండు వందలంటే ఎంతో నాకు తెలుసు.
నా మంద అంత.

సాయంత్రం గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టాను.
నల్ల మూతివి, బురద కాళ్లవి,
కంచె దూకే ఆ ముసలి దొంగ,
ఒకదాన్నొకటి తోసుకుంటూ దాటాయి.
ఏది ఆ ఒక్కటి? ఏవి ఆ మూడు?
అన్నింటి చెవులకీ పసుపు బిళ్లలున్నాయి,
ఆ సంగతి మాత్రం ఏ బిళ్ల మీదా లేదు.
నూట ముప్పై దగ్గర లెక్క తప్పాను.
మా కుక్క ఫ్రాఖ్ నా వైపు చూసింది,
నీకేమైంది అన్నట్టు.

ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద కిర్స్టీ అంటుంది,
'సమయానికి పట్టుకున్నారు కనక బతికాను.'
కావచ్చు.
ఆ ముగ్గురూ అదే మాట అంటారు మరి,
అంతే నమ్మకంగా.
కిర్స్టీని అడగను. అడిగే మాట కాదది.

మా చెల్లెలు ఊనా
గ్లాస్గోలో ముప్పై ఏళ్లు నర్సు.
అందరికంటే ముందు తనే వెళుతుందనుకున్నారు.
వెళ్లనంది.
'మళ్లీ రమ్మని ఇంకో ఉత్తరం వస్తే చాలు,
ఏమీ లేదని తేలేలోపు సగం చస్తాను.
చేతికేదైనా తగిలిందా, ఆ రోజే పరిగెడతా.
ఇది నా లెక్క, నీకు అప్పివ్వను.'

అమ్మ తన గడ్డని
స్వెట్టరు కింద రెండు ఈత కాలాలు దాచింది.
గొర్రెలు ఈనటం అయ్యాక చూద్దాం అంది.
కాగితం మీది నంబరుకి ఫోన్ చేసి అడిగాను,
అమ్మ వల్ల నా లెక్క మారుతుందా అని.
అప్పుడు ఆవిడ వయసెంత, అందా అమ్మాయి.
డెబ్బై నాలుగు.
కొంచెం మారుతుంది, మరీ ఎక్కువ కాదు అంది.
ఆ 'కొంచెం'తో మూడు రాత్రులు పడుకున్నాను.

తేల్చింది అంకెలు కాదు,
అంకెలు లేకుండా తేలేదీ కాదు.
ఒక్క గొర్రె తగ్గితే
అర్ధరాత్రి లాంతరు పట్టుకుని గడ్డి దిబ్బలు ఎక్కే రకం నేను.
తెలిసిన చెడుని పక్కలో పెట్టుకుని నిద్రపోగలను.
తెలియనిదాన్ని పెట్టుకుని పోలేను.
ఆ ముగ్గురిలో ఒకదాన్నైతే,
సరే, అయ్యానని ఎరగను,
కానీ అవ్వొచ్చని ఎరిగే వెళ్లాను.

వ్యానులో అమ్మాయి పేరు ఐలీ. చేతులు చల్లన.
'కాగితం చదివారా?'
'రెండుసార్లు.'
తలెత్తి చూసింది.
'ఊపిరి బిగపట్టండి' అంది.

బయట ఊనా, కారులో, ఫ్లాస్కుతో.
'ఎలా ఉంది?'
'చలి.'
'ఎప్పుడూ అంతే.'
టీ పంచుకుని గాలి గురించి మాట్లాడుకున్నాం.
ఈసారి నిజంగా గాలి గురించే.