తిరిగొచ్చిన తేదీ

మెల్గెర్ది లెక్కల పుస్తకం మొదటి పుటలో
మూడే పేర్లు. మూడూ గోడిగలే.
ఐస్‌లాండు మీద బూడిద కురిసిన ఏడాది తర్వాత
ఈ లోయలో నాలుగు కాళ్ళ మీద నిలబడ్డవి
అవి మాత్రమేనట.
బూడిద గడ్డి మేసిన గుర్రం
మోకాళ్ళ మీద పాకిందని
ఎవరో అంచులో రాస్తూ రాస్తూ
సిరా అయిపోయో, చెయ్యి ఆడకో
సగంలో ఆపేశారు.

మా మందంతా ఆ మూడింటి కడుపు పంటే.
ఏ పిల్లని చూసినా
ఆ పాత ఎర్రదాని మొండితనం
చెవులు వెనక్కి వాల్చి నిలబడే ఉంటుంది.

నాలుగేళ్ళు కొండకి వదిలేస్తాం.
వానకి నాని, మంచుకి బిగిసి,
రాళ్ళ మధ్య కాలెక్కడ మోపాలో
తల్లి వెనక నడిచి నేర్చుకుంటుంది.
ఐదో శీతాకాలం మా వంతు.
వారం రోజులు ఊరికే పక్కన నిలబడటం.
తర్వాత వీపు మీద చెయ్యి.
తర్వాత ఆ చెయ్యంత తేలికైన దుప్పటి.
జీను సంగతి వసంతానికి చూసుకోవచ్చు.

ఆఖరి పరీక్ష తాత ఇంగిముందుర్ పెట్టిందే:
నిండు కాఫీ కప్పుతో ఎక్కి
గడ్డివామి నుంచి వాగు దాకా
పరుగంత వేగంగా, నడకంత మెత్తగా పోవాలి.
ఒలికితే తప్పు రౌతుదే.
నా ఎడమ మణికట్టు మీది మచ్చ
అలా వచ్చిందే.

తాతకి తాత త్యోర్వి. ఆయన పద్దులు వేరు.
ఆ పుటల్లో పేర్లుండవు, అంకెలే.
వేసవి చివర ఓడ వచ్చేది,
బొగ్గు గనులకి పొట్టి గుర్రాలు కావాలని.
దళారి కొలబద్దతో భుజం ఎత్తు చూసి
తక్కువున్నదానికే ఎక్కువిచ్చేవాడు,
సొరంగం కప్పు తగలకూడదుగా.
ఆరు వేసవులు, ముప్ఫై ఒక్క గుర్రాలు.
ఆ డబ్బుతో ఈ ఇంటికి చెక్క నేల పడింది.
చెప్పులు విప్పి నేను నడిచేది దాని మీదే.

ఒక్కదానికి మాత్రం ఆయన భార్య హల్బెరా
అంకె కొట్టేసి పేరు రాసింది. సోర్తి.
మా భాషలో చీకటి.
ఒళ్ళంతా నలుపు, నుదుట చుక్కయినా లేదు,
అందుకని ఆ పేరు. ఇంకే ఉద్దేశమూ లేదు.
తర్వాతి పుటకి గడులు గీస్తూ
పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, రంగు,
అమ్మిన తేదీ అయ్యాక
ఇంకొకటి గీసింది:
తిరిగొచ్చిన తేదీ.

సముద్రం దాటిన గుర్రాన్ని
ఈ దీవి మళ్ళీ గట్టెక్కనివ్వదు.
తెగుళ్ళ భయం. అక్కడ వాడిన కళ్ళేన్నీ రానివ్వదు.
త్యోర్వి నవ్వి,
"గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నావే" అన్నాడట.
అన్నాక, గనిలో దిగిన గుర్రాల కళ్ళ గురించి
దళారి చెప్పింది గుర్తొచ్చింది కాబోలు,
ఆ రాత్రి పళ్ళెంలో చేప
అలాగే చల్లారిపోయింది.

పుస్తకాలు మారాయి. ఇది ఐదోది.
ట్రాక్టర్లొచ్చాక మంద తొమ్మిదికి పడిపోతే
అత్త సోల్రూన్ పాల డబ్బుతో
వాటికి ఎండుగడ్డి కొంది, అప్పుచేసి ఇంకొంచెం కొంది.
ఆ గడి మాత్రం ప్రతి పుటలోనూ ఉంది,
తెల్లగా, ఎవరి చెయ్యీ తగలకుండా.

నిన్న గ్లోవాని జర్మనీకి అమ్మాను.
శాల పైకప్పు రేకులు తుప్పుపట్టాయి.
కొన్నావిడ మంచిదే,
ముట్టుకునే ముందు తన అరచెయ్యి వాసన చూడనిచ్చింది.
విమానం పెట్టెలోకి ఎక్కబోయి
గ్లోవా ఆగింది, ముక్కుపుటాలు విప్పి
అటుగా వచ్చే గాలిని లోపలికి లాక్కుంది.
పాత కళ్ళెం విప్పేసుకుని ఇంటికొచ్చాను.
ఇంకా దాని వెంట్రుకలున్నాయి.

ఇవాళ తెల్లవారుజామున దాని చెల్లెలు ఈనింది.
పంచకల్యాణి. నాలుగు కాళ్ళూ, మొహమూ
పాలలో ముంచి తీసినట్టు.
లేవబోయి పడి, పడ్డచోటే తుమ్మి,
మళ్ళీ లేవబోయింది.
తడి చేతులు లాగుకి తుడుచుకుని పుస్తకం తీశాను.
తల్లి. తండ్రి. రంగు.
పేరు ఇంకా తోచలేదు.
చివరి గడి దగ్గర స్కేలు జారి
గీత వంకరపోయింది.
చెరపలేదు.