మూడో కిటికీ

కుక్కల లైసెన్సులకి ఒకటో కిటికీ,
నీటి బిల్లులకి రెండో కిటికీ.
మొన్న సెప్టెంబరులో మూడోది తెరిచి
అట్టముక్క మీద ‘కేబుల్’ అని రాసి
దాని వెనక నన్ను కూర్చోబెట్టారు.

వాషింగ్టన్‌లో చట్టం చేశారట.
బేసిక్ చానళ్లకి ఎంత తీసుకుంటే ఎక్కువో
ఇక ఏ ఊరికి ఆ ఊరే తేల్చుకోవచ్చట.
ఊరంటే ఎవరు?
మేయరు నవంబరంతా జింకల వెనక ఉంటాడు.
ఊరంటే నేనూ, ఒక కాలిక్యులేటరూ,
నలభై పేజీల ఫారమూ,
గడులు గీసిన ఒక రిజిస్టరూ.

మొదట వచ్చింది మిల్కా స్టర్బెంట్స్.
కోటు మీది మంచు దులుపుకోకుండానే
బిల్లు పరిచి అరచేత్తో సాపు చేసింది.
"పదకొండు ఉండేది, పదహారున్నర చేశారు.
ఎందుకయ్యా అంటే వంటల చానలు ఇచ్చాం అన్నారు.
ముగ్గురు గని కార్మికులకి ముప్పై ఏళ్లు వండాను.
నాకు ఉల్లిపాయ తరగడం చూపించి
డబ్బులు వసూలు చేస్తారా?"
గడి చిన్నది.
‘ధర’ అని రాశాను.

తోయ్వో కంగస్ ఇంట్లో
ఆకాశం నుంచి పడేది చాలనట్టు
ఏడో చానల్లోనూ మంచే.
కంపెనీకి ఫోన్ చేస్తే
నలభై నిమిషాలు పాట వినిపించారట.
"పాట బాగుంది,
దాన్ని మాత్రం ఫిర్యాదులో కలపకు" అన్నాడు.
అంత న్యాయంగా మాట్లాడే మనిషి
ఈ కిటికీ దగ్గరికి మళ్లీ రాలేదు.
అంటే, మార్చి దాకా రాలేదు.

రిమోటుకి నెలనెలా అద్దేమిటని ఒకామె:
"నా పళ్లసెట్టు కూడా సొంతానిదే!"

పెన్సిలుతో రాసిన ఉత్తరం ఒకటి.
బొమ్మల చానలు పీకేసి
ఉంగరాలు అమ్మే చానలు పెట్టారట.
కింద ఒక ప్రశ్న: మీరు ప్రభుత్వమా?
చాలాసేపు ఆలోచించి
కార్డు మీద జవాబు రాశాను:
కొంచెం.

జనవరిలో బహిరంగ విచారణ.
ముప్పై మడత కుర్చీలు వేస్తే ఏడుగురొచ్చారు.
మిగతా ఊరంతా ఇంట్లోనే కూర్చుని
పన్నెండో చానల్లో చూస్తోంది,
అదే కంపెనీ తీగ మీద.
మినియాపొలిస్ నుంచి వచ్చిన లాయరు
తడిసిన కొత్త బూట్లతో నిలబడి
తీగ మైళ్ల లెక్క చెప్పాడు, శాటిలైటు లెక్క చెప్పాడు.
కౌన్సిల్ చేతులెత్తే వేళకి
మూడో అవెన్యూలో తీగ మీద మంచుగడ్డ విరిగింది.
ఊరంతా బొమ్మ పోయింది.
నాలుగు చేతులు లేచాయి, ఒకటి లేవలేదు.
నేను చూశాను.
ఈ రోజుకీ సగం ఊరు నన్ను నమ్మదు.

తగ్గింది, నెలకి నలభై మూడు సెంట్లు.
మరుసటి నెల డబ్బా అద్దె ముప్పై అయిదు పెరిగింది.
రెండు చానళ్లు బేసిక్ మెట్టు దిగి
పక్క మెట్టు ఎక్కి కూర్చున్నాయి.
ఆ మెట్టు నా ఫారంలో లేదు.
దానికి వాషింగ్టన్‌కే రాసుకోవాలట,
ఆ ఫారం వేరేనట.
మిల్కాకి ఇదంతా విడమరిచి చెప్తే
"నీ జీతం ఎంత?" అని అడిగింది,
జాలిగానే.

మా ఇంట్లో కేబుల్ లేదు.
పాత యాంటెన్నా, రెండు చానళ్లు,
గాలి ఉత్తరం నుంచి వీస్తే ఒకటే.
ఈ సంగతి ఆఫీసులో చెప్పలేదు.

మార్చిలో తోయ్వో వచ్చాడు.
తీగ కొరికిన ఉడుతని పట్టుకున్నారట,
ఏడో చానలు ఇప్పుడు అద్దంలా ఉందట.
"మరింకేం?" అన్నాను.
టోపీ తీసి చేతుల్లో తిప్పాడు.
"ఇన్నాళ్లూ మంచు వెనక
ఏదో ఉందనుకున్నాను."
రాయమంటావా అని అడిగితే
రాయమన్నాడు.
ఏ గడిలో రాయాలో తెలియక
తేదీ మాత్రం వేశాను.

నాలుగున్నరకి కిటికీ దించబోతుంటే
చివరి టపా వచ్చింది.
అదే పెన్సిలు, ఈసారి ఒకటే వాక్యం:
కొంచెం అంటే ఎంత?

కోటు మళ్లీ కుర్చీకి తగిలించి
కాలిక్యులేటరు దగ్గరికి లాక్కున్నాను.