గురువారం లైబ్రరీ

ఇన్వర్‌కార్గిల్ దాకా డెబ్బై కిలోమీటర్లు, దారంతా వాన.
వెనకసీట్లో ముగ్గురు, మూడు వయసులు,
ఇంట్లోనే బడి.

విని కారు దిగుతూనే జట్టు కట్టేసింది.
"నా పన్ను ఊడింది, నీది?"
అంతే, ఇద్దరూ ఒకే నీటిగుంటలో.

ఫెర్గస్‌కి బంతి కనబడితే చాలు,
ఎవరిదో అడగడు.

టామ్సిన్‌కి పదమూడు.
గోడకి ఆనుకుని
చదివిన పేజీనే చదువుతోంది.
"వెళ్లి పలకరించరాదూ" అనబోయి
నాలుక కరుచుకున్నాను.
వచ్చిన దగ్గర్నుంచీ
ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చుంది
నేనే కదా.

లేచాను.
కిటికీ పక్కన ఊలు అల్లుకుంటున్నావిడతో
"తగ్గేలా లేదు" అన్నాను,
గొంతు నాది కాదన్నట్టు.

ఆవిడ సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది,
కుర్చీ ఖాళీ అయింది.

నా వెనకాల, గోడ దగ్గర,
ఇన్నాళ్టికి ఒక పేజీ తిరిగింది.